ఆంటీ కుడి చెయ్యి

పోయిన మంగళవారం పొద్దున నేను ఆఫీసులో ఉండగా పై అంతస్తు అంకుల్ ఫోన్ చేశారు. "బాబూ, మీ ఆంటీ ఎల్లిపోయింది," అన్నారు. అంతే. వెనక ఆస్పత్రి నడవాలో స్ట్రెచర్ తోసుకుపోతున్న చప్పుడు, "భయ్యా, జరా సైడ్" అని ఎవరో అనడం వినిపించాయి. నేను సెలవు చెప్పి ఆస్పత్రికి బయల్దేరాను. ఆ మధ్యాహ్నం దాటాక హిండన్ నది ఒడ్డున ఆంటీ దహనం జరిగిపోయింది.

ఆవిడ నాకు చుట్టం కాదు. కానీ నా జీవితంలో కాస్త ధైర్యంగా చేసిన పని ఏదైనా ఉందంటే అది ఆవిడ వల్లే చేశాను. అంతకు ముందు చేసిన పిరికిపని కూడా చెప్పకపోతే ఆ మాటకు అర్థం ఉండదు. రెండూ చెబుతాను.

పదకొండేళ్ల కిందట ఢిల్లీ లక్ష్మీ నగర్‌లో పీజీ గది ఖాళీ చేసి, ఊరి అంచున వైశాలిలో చిన్న ఫ్లాట్‌కి మారాను. మాది నంద్యాల వైపు. ఒక కేంద్ర మంత్రిత్వ శాఖలో అప్పుడే ఉద్యోగంలో చేరాను. పై అంతస్తులో విజయనగరం వైపు దంపతులు ఉండేవారు. అంకుల్ సైన్యంలో సుబేదార్‌గా పనిచేసి, ఢిల్లీ కంటోన్మెంట్‌లో రిటైరై ఇక్కడే ఉండిపోయారు. ఆంటీ స్కూల్లో లెక్కలు చెప్పేవారు. వాళ్లకు పిల్లలు లేరు. నేను చేరిన మొదటి శనివారమే నా ఉప్మా మాడిన వాసన మెట్లెక్కి పైకి పోయింది. ఆంటీ దిగి వచ్చి గిన్నెలోకి తొంగి చూశారు.

"ఏటిది బాబూ, గోడకి పూతేటి? చొక్కా మార్చుకో. శనివారం మేం ఇంట్లో వండుకోం."

అలా మొదలైంది. శనివారం మధ్యాహ్నమైతే వాళ్లిద్దరూ స్కూటర్ మీద, నేను వెనకాల ఈ-రిక్షాలో. ఇందిరాపురంలో కొత్త హోటల్ తెరిచారంటే ఆ వారమే అక్కడ ఉండాలి. లక్ష్మీ నగర్ సందుల్లో కోచింగ్ పిల్లలు తినే రాజ్మా చావల్ బండి దగ్గర నిలబడి తినేవాళ్లం. మోమోల కారం చట్నీకి ముగ్గురం ముక్కులు తుడుచుకునేవాళ్లం. బార్లకూ వెళ్లేవాళ్లం. అంకుల్ మందు ముట్టరు. ఆంటీ మాత్రం ఒక్క బీరు తాగేవారు. నేతచీర, ముడి, పక్కన స్కూలు నాటి తోలుసంచి. పక్క బల్లల వాళ్లు గుడ్లప్పగించి చూసేవారు.

"చూడనీ. వాళ్లింట్లో టీవీ పాడైపోయుంటుంది పాపం," అనేవారు ఆంటీ.

కూర బాగుంటే వంటగది తలుపు దాకా వెళ్లి వండినవాడికి చెప్పి వచ్చేవారు. బాగుండకపోయినా అంతే. "పీఠ వెనకాల తిట్టకూడదు బాబూ. తినడం మొహమ్మీద, చెప్పడమూ మొహమ్మీదే," అనేవారు. ఢిల్లీలో ముప్పయ్యేళ్లుండటంతో ఆవిడ తెలుగులో వీపు ఎప్పుడో పీఠ అయిపోయింది.

ఏడేళ్ల కిందట, ఒక శనివారం. ఊరి పొలిమేరలో ఒక బార్. ఏసీ చల్లగా ఉంది, టీవీలో క్రికెట్ నడుస్తోంది. మాకు వడ్డించేవాడు యాభై దాటిన, ఉత్తరాఖండ్ కొండలవైపు గఢ్వాలీ మనిషి. ఆంటీకి బీరు ఎంత చల్లగా కావాలో అతనికి తెలుసు. మా పక్క బల్ల దగ్గర నలుగురు మగవాళ్లు కూర్చున్నారు. అతను వాళ్లకు గ్లాసులు పెడుతుంటే ఒకడు కాలు చాచాడు. అతను తట్టుకుని తూలాడు. బీరు వాడి ప్యాంటు మీద పడింది.

వాడు లేచి చెంప మీద కొట్టాడు. అతను "సారీ సాబ్" అని తుడవబోతే రెండో చెంప మీద కొట్టాడు. తర్వాత జుట్టు పట్టి కిందికి లాగి, బూటు నాకమన్నాడు. అతను తల అడ్డంగా ఊపాడు. అప్పుడు నలుగురూ కలిసి తన్నడం మొదలుపెట్టారు. కడుపులో, మొహం మీద. ఎముక విరిగిన చప్పుడు క్రికెట్ అరుపుల్లోంచి కూడా నాకు స్పష్టంగా వినిపించింది. అతని దవడ అని తర్వాత తెలిసింది. హాలులో ముప్పై మందిమైనా ఉన్నాం. అందరం పళ్లాల్లోకి చూస్తున్నాం.

ఆంటీ చెయ్యి కూడా కడుక్కోకుండా లేచారు. "ఛోడో ఉసే! మర్ జాయేగా!" అని, చచ్చిపోతాడు వదలమని అరుస్తూ వెళ్లి అతని మీద వంగారు. అంకుల్ ఆవిడ వెనకే ఉరికారు. ఒకడు కుర్చీ ఎత్తి ఆయన వీపు మీద విరగ్గొట్టాడు. బీరు పడ్డవాడు సీసాని బల్ల అంచుకేసి బద్దలుకొట్టి, చేతిలో మిగిలిన ముక్కతో పొడవబోయాడు. ఆంటీ కుడి చెయ్యి అడ్డం పెట్టారు. గాజు అరచేతిలో దిగి మణికట్టు దాకా చీల్చింది. రక్తం మా బల్ల మీద పడింది, నా చొక్కా మీద పడింది.

నేను స్తంభం వెనక ఉన్నాను. ఎప్పుడు అక్కడికి వెళ్లానో నాకు తెలియదు.

డాక్టర్లు రెండుసార్లు ఆపరేషన్ చేశారు. నరాలు కుట్టారు, చెయ్యి నిలిచింది. మూడు వేళ్లు మాత్రం మళ్లీ వంగలేదు. ముద్ద కలపడం, చేప ముల్లు తీయడం, చపాతీ తుంచడం, అన్నీ ఆ పూటతోనే పోయాయి.

నలుగురినీ పట్టుకున్నారు. నాలుగు రోజుల్లో బయటికొచ్చారు. బార్ యజమాని కెమెరాలు పనిచెయ్యలేదన్నాడు. హాలులో ఉన్నవాళ్లెవరూ చూడలేదన్నారు. ఇక దగ్గర నుంచి చూసింది నేనే. ఆ వారం సాయంత్రం మెట్రో దిగి మెట్ల మలుపు తిరగగానే ఇద్దరు అడ్డం నిలబడ్డారు. ఒకడు నా కాలర్ పట్టి తలను గోడకేసి కొట్టాడు. రెండోవాడు కడుపులో గుద్దాడు. నేను వంగిపోతే చెవిలో మెల్లగా అన్నాడు: "సర్కారీ నౌకరీ హై నా? తుమ్ తో వాష్‌రూమ్ మే థే. ఠీక్ హై?" నా ఆఫీసు భవనం పేరు, నా అంతస్తు కూడా చెప్పాడు.

మర్నాడు పోలీసాయన అడిగితే, గొడవ జరిగినప్పుడు వాష్‌రూమ్‌లో ఉన్నానని రాసి సంతకం పెట్టాను.

ఆ సంగతి పై అంతస్తులో తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. నేను మెట్లమీద వాళ్ల అడుగులు వినిపిస్తే తలుపు తీసేవాణ్ణి కాదు. మూడు శనివారాలు అలా గడిచాయి. నాలుగో శనివారం ఆంటీ తలుపు బాదారు.

"తియ్యి బాబూ. ఎడం చేత్తో కొడుతున్నాను, నొప్పెడతంది."

తీశాను. చేతికి కట్టుతో, అదే తోలుసంచితో నిలబడి ఉన్నారు. వెనక మెట్ల మీద అంకుల్. "పద. తినడానికి," అన్నారు. ఎక్కడికని అడగలేదు. ఆటో అదే బార్ ముందు ఆగింది. ఆవిడ అదే బల్ల దగ్గర కూర్చున్నారు. నేను ఎదురుగా కూర్చున్నాను.

"ఆంటీ, నేను వాష్‌రూమ్‌లో ఉన్నానని చెప్పినా," అన్నాను.

"తెలుసు."

"నేను చూసినా ఆంటీ. అంతా చూసినా."

"అదీ తెలుసు. నీకు భయమేసింది. నాకూ ఏసింది. ఇంకా ఏస్తంది. ముందు తిను."

అంకుల్ ఆవిడ పళ్లెంలో అన్నం, మటన్ కూర కలిపి చిన్న ముద్దలు చేసి అంచున వరసగా పెడుతున్నారు. ఆవిడ ఎడం చేత్తో ఒక్కో ముద్దా తీసుకుంటున్నారు. రెండు ముద్దలు తిన్నారో లేదో, ఒక నీడ బల్ల మీద పడింది. సీసాతో పొడిచినవాడే. మేం వచ్చామని ఎవరో కబురందించినట్టున్నారు.

"మాతాజీ, హాథ్ కైసా హై?" అని చెయ్యి ఎలా ఉందో అడుగుతూ వాడు ఆవిడ కట్టు మీద చెయ్యి వేసి నొక్కాడు. ఆంటీ నోట్లోంచి వచ్చిన కేక మనిషి కేకలా లేదు.

తర్వాత జరిగింది కళ్లు ఆర్పేలోపే. అంకుల్ వాడి మెడ పట్టి మొహాన్ని బల్లకేసి కొట్టారు. పళ్లెం పగిలింది. వాడి ముక్కు పగిలింది. వాణ్ణి వెల్లకిలా తిప్పి గొంతు మీద రెండు బొటనవేళ్లూ పెట్టి నొక్కారు. అరవయ్యేళ్ల మనిషి చేతులు ఇనుప పట్టకార్లలా బిగిశాయి. వాడి కాళ్లు గాల్లో కొట్టుకున్నాయి. మొహం ఎర్రబడింది, నల్లబడింది, కళ్లు పైకి తేలాయి. నేను అంకుల్ భుజం పట్టి లాగాను. కదల్లేదు. ఆయన మొహంలో నాకు తెలిసిన మనిషి లేడు.

ఆంటీ కట్టులోంచి రక్తం కారుతోంది. ఆవిడ అరవలేదు. ఆయన చెవి దగ్గరికి వంగి అన్నారు: "వదిలీండి. ఆ చేతుల్తోనే రేపు నాకు అన్నం కలపాలి మీరు."

ఆయన వేళ్లు వదులయ్యాయి. వాడు నేల మీద పడి దగ్గుతూ, కక్కుతూ పాక్కుంటూ పోయాడు. అంకుల్ తన చేతుల వంక చూసుకుని, కుర్చీలో కూర్చుని, చిన్నపిల్లాడిలా ఏడ్చారు.

సోమవారం నేను మళ్లీ స్టేషన్‌కి వెళ్లాను. మొదట ఇచ్చింది అబద్ధమని చెప్పి, చూసిందంతా రాయించాను. తర్వాత మెజిస్ట్రేట్ ముందూ అదే చెప్పాను. నన్ను మరో రెండుసార్లు బెదిరించారు. ఒకసారి హెల్మెట్‌తో మోకాలి మీద కొట్టారు. ఇప్పటికీ చలికాలం ఆ మోకాలు పట్టేస్తుంది. కేసు నాలుగేళ్లు నడిచింది. కోర్టులో వాళ్ల వకీలు అడిగాడు: "మొదట అబద్ధం చెప్పారు. ఇప్పుడు చెప్పేది నిజమని ఎలా నమ్మాలి?"

"మొదట భయపడి చెప్పాను. భయం ఇప్పుడూ ఉంది. అయినా చెబుతున్నాను," అన్నాను. వెనక బెంచీలో కూర్చున్న ఆంటీ మాటలే అవి. కొంచెం మార్చుకున్నానంతే.

ఆ గఢ్వాలీ మనిషి కూడా కొండల్లోని తన ఊరినుంచి వచ్చి, వంకరగా అతుక్కున్న దవడతోనే సాక్ష్యం చెప్పాడు. సీసా పట్టినవాడికి జైలు పడింది. మిగతా ముగ్గురినీ వదిలేశారు. నాకు కోపంతో ఒళ్లు మండిపోయింది. ఆంటీ కోర్టు గేటు దాటగానే రోడ్డుకి అవతల ఛోలే భటూరే బండి వైపు నడిచారు.

"ముగ్గురు తప్పించుకున్నారు ఆంటీ."

"ఒకడు దొరికాడు కదా. ఉల్లిపాయ ఎక్కువెయ్యమను."

ఆ తర్వాత కూడా శనివారాలు మానలేదు. ఆ బార్ మూతపడింది, మేం వేరే చోట్లకు వెళ్లాం. ఎక్కడైనా వెయిటర్ మీద ఎవరైనా గొంతు లేపితే ఆంటీ తలెత్తి చూసేవారు. నేనూ లేచి నిలబడేవాణ్ణి. భయం మాత్రం పోలేదు. అయినా స్తంభాల కోసం వెతుక్కోవడం మానేశాను. అందుకు ఆవిడకి ఒక్కసారైనా నోరారా థాంక్స్ చెప్పలేదు. చెబితే "తినరా ముందు" అనేవారని తెలుసు.

పక్షవాతం వచ్చి ఆస్పత్రిలో చేరాక ఆంటీ మాట పడిపోయింది. ముక్కులో గొట్టం, దాంట్లోంచి పల్చటి ద్రవం. చివరి శనివారం మధ్యాహ్నం నేను వెళ్లేసరికి అంకుల్ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఫోన్‌లో ఏదో హోటల్ మెనూ తెరిచి, కళ్లద్దాలు సర్దుకుంటూ పైకి చదువుతున్నారు. ఇందిరాపురంలో కొత్తగా తెరిచారట. సూపులు చదివారు, కబాబులు చదివారు. ఆవిడ కళ్లు మూసుకునే ఉన్నారు. నర్సు వచ్చి సెలైన్ సీసా మార్చి, ఆయన్ని వింతగా చూసి వెళ్లింది. ఆయన ఆపలేదు. "కోడి పలావ్," అన్నారు, "రొయ్యల ఇగురు" అన్నారు.

రొయ్యల ఇగురు దగ్గర దుప్పటి కదిలింది. ఆంటీ కళ్లు తెరవకుండానే, మెల్లగా, ఎడం చేతి రెండు వేళ్లు పైకెత్తారు.

"రెండు ప్లేట్లట బాబూ," అన్నారు అంకుల్.