పురుగుల ఇంట్లో తొలి తాలింపు

మా చిన్నప్పుడు నా చిరునామా... పట్టుపురుగుల స్టాండు, రెండో అర. కింది అర తమ్ముడిది. నాన్న మధ్య అరలు పీకేసి, మేం పడుకోడానికి పలకలు వేశాడు. స్టాండు కాళ్ళు నాలుగూ నీళ్ళగిన్నెల్లో ఉండేవి... ఒకప్పుడు పురుగులకు చీమలు పట్టకుండా మా అవ్వ చేసిన ఏర్పాటు. చీమకు సైతం ప్రవేశం లేని పందిరిమంచం ఏ మహారాజుకు ఉండేదో చెప్పండి.

మా చదువుల కోసం బట్లహళ్ళి నుంచి చింతామణికి వస్తే అద్దె ఇల్లు దొరకలేదు. ఊరి చివర, అవ్వ పట్టుపురుగులు పెంచిన ఇల్లు ఖాళీగా ఉంది. ఒకే ఒక్క పొడుగాటి గది... మందపాటి మట్టిగోడలు, పెంకుల కప్పు, ఈగ దూరకుండా జాలీ కొట్టిన కిటికీలు. బోరు ఎండి మల్బరీ తోట పోయింది కాబట్టి పురుగులూ లేవు.

అవ్వ ఒప్పుకుంది. మాతోబాటు తానూ వచ్చింది... షరతుతో సహా.

"ఉండండప్పా. బోరులో నీళ్ళు పడితే మళ్ళా పురుగులు పెడతా, అప్పుడు మీరు ఇంకో ఇల్లు చూసుకోవాల. అంతవరకు లోపల తాలింపు వెయ్యగూడదు. వాసన గోడకు పట్టిందంటే పురుగు ఆకు ముట్టదు."

అలా, లేని పురుగుల ఆరోగ్యం కోసం మేమంతా నియమనిష్ఠలతో బతికాం. కాళ్ళు కడగనిదే గడప దాటకూడదు. అగరుబత్తి నిషిద్ధం. ఒకసారి నాన్న పెళ్ళికి వెళ్ళి సెంటు పూసుకొస్తే, అవ్వ ఆయన్ని గంటసేపు వాకిట్లో ఆరబెట్టింది. అమ్మ తాలింపు బయట రాళ్ళపొయ్యి మీద... చిటపటలు పక్కింటివాళ్ళకు, చారు మాకు.

ఒక ఏడు వాన పట్టుకుంది. పొయ్యి మునిగింది. మూడు రోజులు రాగిసంగటి, తాలింపు లేని ఉలవచారు. మూడో రోజు నేనూ తమ్ముడూ ముద్ద ముట్టకుండా దీక్షకు కూర్చున్నాం.

అప్పుడే నాన్న తడుస్తూ వచ్చాడు.

"అమ్మా, బోరులో నీళ్ళు వచ్చినాయి."

నేను నా రెండో అర వైపు చూసుకున్నాను... వారసులు వచ్చేస్తున్నారు. అవ్వ మాత్రం మా కంచాల వైపు చూసింది.

"ఏమ్మా, బాణలి యాడ పెట్టినావు?"

"వాకిలంతా నీళ్ళే అత్తా..."

"వాకిట్లో ఎవురు వెయ్యమన్నారు? ఈడ్నే వెయ్యి."

అమ్మ కదల్లేదు. అవ్వే లేచి లోపలి పొయ్యి మీద నూనె కాచి, ఆవాలు, ఎండుమిరపకాయ, చితగ్గొట్టిన తెల్లగడ్డ రెబ్బలు వేసింది. వానకు కిటికీలన్నీ మూసి ఉన్నాయి కదా... పొగ ఎటూ పోలేదు. అందరం దగ్గాం. గోడలు కూడా దగ్గే ఉంటాయి.

నేను మూడు ముద్దలు మింగాను. అవ్వ పక్కన కూర్చుని, పురుగులను చూసినట్టే మమ్మల్ని చూసి అంది... "ఇప్పుడు మేస్తాండాయి."

పురుగులు పెట్టే మాటా, ఇల్లు ఖాళీ చేసే మాటా అవ్వ మళ్ళీ ఎత్తలేదు.

ఇప్పుడు ఆ ఇంటికి సున్నం కొట్టించి, పగిలిన పెంకులు మార్పించి నేనే ఉంటున్నాను. నా రెండో అరలో పుస్తకాలు నిద్రపోతున్నాయి. బెంగళూరు స్నేహితులు వచ్చి ఇంత చిన్న ఇల్లు ఎంత బాగుందని ఫొటోలు తీసుకుంటారు... కాళ్ళు కడిగాకే.

వంటగట్టు మీద చిమ్నీ పెట్టించాను. తాలింపు వాసన గోడను తాకకముందే బయటికి పోతుంది. అవ్వ షరతు ఇన్నాళ్ళకు అక్షరాలా నెరవేరింది... చూడ్డానికి అవ్వ లేదు.

అందుకే వాన పడిన రోజు చిమ్నీ ఆపేస్తాను.

మీ పాత ఇంటి గోడలకు ఏ వాసన పట్టి ఉండేది? కింద రాయండి... ముందు కాళ్ళు కడుక్కుని రండి.