లారీ లేని డ్రైవరు

టైర్ల మీద ఇనపరాడ్డు దెబ్బలు. గాలి నిండిన చోట బిగువుగా, దిగిన చోట బోలుగా. సాలూరు పొద్దుటి మంచు ఆ చప్పుడును కాసేపు మోసి వదిలేస్తోంది. లారీ ఆఫీసు మెట్ల మీద, ఒళ్లో లాప్‌టాప్‌తో పద్మకుమారి.

ఆ ఏడు, 2017లో, మేనమామ ఎల్లాజీ లారీల కోసం ఆమె యాప్ రాసింది. ఏ ట్రిప్పుకి ఏ డ్రైవరు, ఏ లారీ అన్నది అందులో ఉంటుంది. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ నడుస్తుంది. ఎల్లాజీది ఐఫోన్, వివరాలన్నీ అందులోనే. ట్రిప్పులో ఉన్న లారీని ఎవరూ తీసేయకుండా డేటాబేస్‌లో ఫారిన్ కీ నియమమూ రాసింది.

ఎల్లాజీకి ఒక పట్టింపు. బేరం కుదిరి కొబ్బరికాయ కొట్టాక, అమ్మిన బండి పేరు తన దగ్గర ఉండకూడదు. ఆ పొద్దున రెండు లారీలు అమ్మాడు. రెండూ ఆఖరి లోడుతో ఒడిశా వైపు కొండదారి, ఘాటీ ఎక్కి ఉన్నాయి. అయినా ఫోన్లోంచి తీసేశాడు.

మధ్యాహ్నం కబురొచ్చింది. వాటిలో నీలం క్యాబిన్ లారీ మలుపులో లోయలోకి ఒరిగిందట.

డ్రైవరు ఎర్రన్న భార్య దాలమ్మ పరుగున వచ్చింది.

"మా ఆయన ఏ లారీలో ఎల్లాడే? సెప్పవేటే!"

పద్మకుమారి మావ ఫోను లాక్కుంది. ఎర్రన్న పేరుంది, ట్రిప్పుంది. లారీ ఉండాల్సిన చోట ఖాళీ. రెండో డ్రైవరు గంగులుకీ అంతే.

"నీకు గురుతు నేదా మావా?"

"డ్రైవర్లే బండ్లు మార్సుకుంటారు గదే! నీ యాప్ ఉన్నాదని నాను పట్టించుకోనేదు."

కొండ మీద సిగ్నల్ లేదు. పద్మకుమారి కూర్చోలేకపోయింది, నిలవలేకపోయింది. ఆ ఖాళీ గడి కళ్లలో ఘాటీ మలుపులా తిరుగుతోంది. కోడ్ తెరిచింది. నియమం రాసే ఉంది. కానీ ఫోనులోని ఆ చిన్న డేటాబేస్‌కి, తెరిచిన ప్రతిసారీ 'నియమం పాటించు' అని చెప్పాలి. ఆండ్రాయిడ్ వైపు చెప్పింది. ఐఫోన్ వైపు మరిచిపోయింది. తన ఆండ్రాయిడ్ ఫోనులోనే పరీక్షించి మురిసిపోయింది.

సాయంత్రం ఒడిశా వైపు దాబా నుంచి ఎర్రన్న ఫోన్ చేశాడు. ఒరిగింది గంగులు నడిపిన బండి. గంగులుకి చెయ్యి విరిగింది, ప్రాణం దక్కింది. దాలమ్మ ఏడుస్తూనే తిట్టింది: "నీ మిసను కాలిపోను!"

డేటాబేస్ తెరిచే పని రెండు రకాల ఫోన్లకూ ఒకేచోట పెట్టి, 'నియమం పాటించు' అన్న వాక్యం అక్కడే రాసింది పద్మకుమారి. తర్వాత ఓసారి ఎల్లాజీ దారిలో ఉన్న లారీని తీసేయబోతే యాప్ ఒప్పుకోలేదు.

"నా బండి నాను తీసీలేనేటే?"

"బండి నీదే మావా. అందులో మనిషున్నాడు."

ఈ కథ రాయడానికి వివరాలు అడగ వెళ్లినవారిని గుమ్మం దాకా సాగనంపుతూ ఆమె అంది: "యాప్ తెరిసినప్పుడల్లా నియమం పని సేస్తన్నాదా అని డేటాబేస్‌ని అడుగుతన్నాను. సేస్తన్నాదనే సెప్తాది. గంగులు సిన్నాన్న వంకర సెయ్యి సూస్తే మల్లీ అడగాలనిపిస్తాది."