నూట తొంభై మార్కుల గాలి

బుధవారం పొద్దున్నే అక్క ఫోన్ చేసి, "ఇవేళ గాలికి నూట తొంభై వచ్చిందిరా, నిన్నటికంటే ఎక్కువే. నడకకి ఎల్లొస్తాను" అంది. అక్కకు ఉబ్బసం. నరసన్నపేట కూడలిలో కొత్తగా గాలి బోర్డు పెట్టారు. అంకె పెరిగితే గాలి చెడ్డదని దాని మీద తెలుగులో ఎక్కడా లేదు. ముప్పై ఏళ్ళు బడిలో మార్కులు వేసిన మనిషి, ఎక్కువంటే మంచిదనుకుంది. కాదని చెప్పేలోపే పెట్టేసింది. ఇక నాకు ఇంట్లో కాలు నిలవలేదు.

ఏడున్నరకు విజయనగరం కాంప్లెక్సులో శ్రీకాకుళం బస్సెక్కాను. పక్క సీట్లో బియ్యం మిల్లులో పనిచేసే పెద్దాయన. నా గోడంతా విని, "గాలికి అంకెలెందుకు బాబూ? సాయంత్రం తువ్వాలుతో ముక్కు తుడుసుకుంటే తెలిసిపోతాది" అన్నాడు. నవ్వొచ్చింది గానీ మనసు కుదుటపడలేదు. శ్రీకాకుళంలో దిగి నాలుగుసార్లు ఫోన్ చేశాను. అక్క ఎత్తలేదు. ఇడ్లీ సగంలో వదిలేసి నరసన్నపేట బస్సెక్కాను.

పదిన్నరకు నేను చేరేసరికి అక్క మంచం మీద కూర్చుని ఇన్‌హేలర్ పీలుస్తోంది. దారంతా కూడబెట్టుకున్న తిట్లు మర్చిపోయాను. భయమేసింది. యాభై లోపుంటే మంచి గాలని, రెండు వందల దగ్గరికొస్తే తనలాంటివాళ్ళు బయట తిరగకూడదని చెప్పాను.

"అయితే మా వీధి ఆడోళ్ళందర్నీ నడకకి నేనే తీసుకెల్లాను కదరా" అంది.

బావగారు బస్టాండు పక్క గుడిలో అర్చకులు. రోజూ తెల్లారి మైకులో పంచాంగం చదువుతారు. వర్జ్యం ఎప్పుడో వినకుండా ఆ వీధిలో ఎవరూ పనికి బయల్దేరరు. గాలి సంగతీ అందులో చదవమని అడిగాను. అది పంచాంగంలో లేదని గొణిగారు. అక్క అన్నం వడ్డిస్తూ, "నా ఊపిరికి వర్జ్యం ఎప్పుడో మీరు సెప్పకపోతే ఇంకెవరు సెప్తారు?" అంది.

మర్నాడు ఆరుంబావుకు తిరుగు బస్సు. సీట్లో కూర్చున్నానో లేదో మైకులో బావగారి గొంతు. తిథి అయింది, నక్షత్రం అయింది, వర్జ్యమూ అయింది. ఇక చదవరేమోనని లేచి నిలబడ్డాను. అప్పుడు చదివారు: "గాలి బోర్డులో నూట డెబ్భై. అంకె పెరిగితే గాలి చెడ్డదని అర్థం. ఆయాసమున్నవారు ఎండెక్కేదాకా గడప దాటవద్దు."

అక్క నడిచే దారి మీదుగా బస్సు వెళ్తుంటే ఆమె కోసం వెతికాను. కనబడలేదు. అయినా నమ్మకం చాలక ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తింది.

"ఇంట్లోనే ఉన్నాన్రా. నువ్వు బస్సు కిటికీ మూసుకున్నావేటి?"

మూసుకోలేదు. ఫోన్ చెవిన పెట్టుకునే అద్దం లాగాను.