మల్లప్పకు చెప్పని మాట

ప్రొద్దుటూరు వలి బాషా నూనె మిల్లుల్లో ఇంజన్లు బాగుచేసే ఫిట్టరు. తుంగభద్ర డ్యాం దగ్గర ఆంధ్రా, మైసూరు రాష్ట్రాలు కలిసి కరెంటు తీయబోతున్నాయని విని ఆ పనిలో చేరాడు. ఒక షిఫ్టులో తెలుగువాళ్లు, తర్వాతి షిఫ్టులో కన్నడం వాళ్లు. వలి బాషా దిగిపోయే వేళకు అతని పని అందుకునేవాడు హోస్పేట మల్లప్ప. ఇద్దరికీ బాగా పొసగింది.

రాష్ట్రం విడిపోయినప్పుడు బళ్లారి మైసూరుకు పోయిందన్న కోపం తెలుగువాళ్లలో అప్పటికింకా చల్లారలేదు. ఒకనాడు టీ కొట్టు దగ్గర ఆ మాటే వచ్చింది. "కరెంటులో పెద్దపాలు మీకే, బళ్లారి కూడా మీకే కావాల్నా?" అని మల్లప్ప నవ్వుతూనే అన్నాడు. వలి బాషాకు గుచ్చుకుంది. ఆ పొద్దు నుంచి అతనితో మాట మానేశాడు.

వానాకాలంలో ఒక ఉదయం, టర్బైను గుంతలోకి దిగే ఇనుప నిచ్చెనకు పైమెట్టు ఊడి ఉండడం వలి బాషా చూశాడు. బిగించేలోపే షిఫ్టు బెల్లు మోగింది. మల్లప్ప ఎదురొచ్చాడు. 'ముందు నేనెందుకు నోరు తెరవాల' అనుకుని వలి బాషా పక్కకు తప్పుకున్నాడు. గేటు దాటకముందే లోపల కేక వినిపించింది.

మల్లప్ప తొడ ఎముక విరిగింది. ఆసుపత్రిలో మంచం పక్కన నిలబడి వలి బాషా అన్నాడు: "మెట్టు ఊడిందని నాకు తెలుసప్పా. చెప్పలా."

మల్లప్ప గోడవైపు చూస్తూ, "తిట్టి అయినా చెప్పుంటే సరిపోయేది గదప్పా" అన్నాడు.

వలి బాషా ఇంజనీరుకూ తానే పోయి చెప్పుకున్నాడు. ఉద్యోగం పోయింది. ప్రొద్దుటూరుకు తిరిగొచ్చి మళ్లీ నూనె మిల్లులో చేరాడు. ఎందుకొచ్చావని భార్య ఖమర్‌బీ అడిగినప్పుడల్లా లేచి పోయి, చానా దినాలు మిల్లులోనే గడిపాడు.

తుంగభద్ర కరెంటు ప్రొద్దుటూరుకు వచ్చిననాడు మిల్లు యజమాని వరదరాజులు పూలదండ తెచ్చాడు. "డ్యాం కాడ పని చేసినోడప్పా, మనూరోడు!"

"నా మెడలో ఎయ్యొద్దు మామా," అని వలి బాషా జరిగిందంతా అందరి ముందూ చెప్పాడు.

"పోనీలేప్పా, కన్నడపోడే గదా," అన్నారెవరో. కొందరు నవ్వారు. ఆ నవ్వుకు వలి బాషా తల ఇంకా వంగిపోయింది. ఆ ఉదయం నిచ్చెన దగ్గర తాను నోరు తెరవకపోవడం వెనక మనసులో మెదిలిందీ ఆ మాటే.

తర్వాత ఏడాదికోసారి హోస్పేట పోయి వచ్చేవాడు. మల్లప్ప ఆదరంగానే కూర్చోబెట్టి, పంటల గురించీ పిల్లల గురించీ మాట్లాడేవాడు. అతను కర్ర ఊతంగా లేచేటప్పుడు మాత్రం వలి బాషా చూడలేక వాకిలి వైపు తిరిగేవాడు.