షహనాజ్ ఇంటర్ మెమో

అల్ హిలాల్‌లో మేమున్న విల్లాను యజమాని జిప్సం గోడలతో ఏడు ముక్కలు చేశాడు. అందులో ఒకటి మాది, పక్కది షహనాజ్‌ది. అది 2012 వేసవి. దోహాలో ఎటు చూసినా క్రేన్లే. పనికోసం వచ్చేవాళ్ళు రోజూ విమానాల్లో దిగుతూనే ఉన్నారు, ఇళ్ళు మాత్రం దొరికేవి కావు. అందుకే ఒక ఇంట్లో ఏడు కుటుంబాలు, ఒకటే వంటిల్లు. అంతమంది మధ్య ఉంటూ కూడా షహనాజ్ అంత ఒంటరిగా బతికిన మనిషిని నేను చూడలేదు.

ఆమెది కోరుట్ల. భర్త రఫీయుద్దీన్ ఉత్తరాన గ్యాస్ ప్లాంటు కడుతున్న చోట క్రేన్ ఆపరేటర్. అక్కడి క్యాంపులోనే ఉండేవాడు. రెండు వారాలకోసారి గురువారం సాయంత్రం వచ్చి, శుక్రవారం పొద్దుగూకేసరికి వెళ్ళిపోయేవాడు. మిగతా రోజులన్నీ ఆ గదిలో ఆమె ఒక్కతే. పెళ్ళయి ఆరేళ్ళు, పిల్లలు లేరు. వంటింట్లో ఆడవాళ్ళు మొదట అడిగేది అదే. అందుకని అందరి వంటలూ అయిపోయాక, మూడు దాటాక, చిన్న గిన్నె పట్టుకుని వచ్చేది. "ఒక్కదానికి కూరొండితె ఉప్పు ఎంతెయ్యాల్నో అందాజ దొరకదక్కా" అనేది.

ఆమె నాకు పరిచయమైంది మా పాప జ్వరం వల్ల. అప్పటికి పాపకు ఏడు నెలలు. నేను కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసి, హైదరాబాదులో ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో రెండేళ్ళు పనిచేశాను. ఆ అలవాటు కొద్దీ పాప పాలు, నిద్ర, ఒంటి వేడి టైముతో సహా నోటుబుక్కులో ఎక్కించేదాన్ని. ఆ మధ్యాహ్నం జ్వరం నూటరెండు. నమ్మకం లేక అయిదోసారి థర్మామీటరు పెడుతుంటే ఎవరో తలుపు తట్టారు.

"పోరి ఏడ్పు ఇనలేక వచ్చిన. ఏమైందక్కా?"

చెప్పాను. ఆమె పాప వంక చూసి నవ్వింది.

"ఇన్ని బట్టలు తొడిగితె జొరం ఏడికెల్లి పోతది? ఆ బుక్కు జర పక్కకు వెట్టి పోరిని ఇటియ్యి."

ఏసీ చలికని నేను తొడిగిన స్వెట్టరు, టోపీ, సాక్సు తీసేసింది. గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి మెడ, చంకలు తుడిచింది. పాప ఎప్పుడు ఉచ్చ పోసింది, ఏడిస్తే కన్నీళ్ళు వస్తున్నాయా, పాలు కక్కుతోందా అని ఒక్కొక్కటీ అడిగింది. గంటలో వేడి తగ్గింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు?" అన్నాను.

"మా అమ్మి మూడేండ్లు మంచంల ఉండె. సర్కారు దవాఖానల సిస్టరమ్మ చెప్పేది, నేను చేసేది. అప్పటిసంది నాకు నర్సు కావాల్ననే."

ఇంటర్‌లో బైపీసీ తీసుకున్నది కూడా అందుకేనట. 2003లో పాసైంది. వాళ్ళింట్లో ఇంటర్ గట్టెక్కిన మొదటి ఆడపిల్ల. నర్సింగ్‌లో చేరాలంటే కరీంనగర్ వెళ్ళి హాస్టల్లో ఉండాలి. మంచంలో ఉన్న తల్లిని వదిలి ఎలా వెళుతుంది? తల్లి పోయింది, తర్వాత పెళ్ళి, పెళ్ళి తర్వాత దోహా.

ఇక్కడి కమ్యూనిటీ కాలేజీ నర్సింగ్ కోర్సులో, భర్త వీసా మీద ఉన్న ఆడవాళ్ళకు కూడా నాలుగైదు సీట్లున్నాయని ఆ ఏప్రిల్‌లో రఫీయుద్దీనే ఎవరినో అడిగి తెలుసుకుని ఫారం తెచ్చాడు. ఆమె పరీక్ష రాసింది, ఇంటర్వ్యూకి వెళ్ళింది. ఆ తర్వాత రెండు నెలలు ఫోను చేతిలోనే పట్టుకుని తిరిగింది. బట్టలు ఉతికేటప్పుడు దాన్ని పాలిథిన్ సంచీలో వేసి మెళ్ళో తగిలించుకునేది. జులై మొదటి వారంలో కబురొచ్చింది. సీటు ఇచ్చారు, కానీ ఒక షరతు. ఇంటర్ అసలు మెమో మీద హైదరాబాదులో, ఢిల్లీలో ప్రభుత్వ ముద్రలు వేయించి, ఇక్కడి విదేశాంగ శాఖ ముద్ర కూడా పడ్డాక, ఆగస్టు ముప్పైలోగా కాలేజీలో ఇవ్వాలి. ఆ రోజు దాటితే సీటు జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది.

మెమో కోరుట్లలో ఆమె తండ్రి జహాంగీర్ గారి దగ్గర ఉంది. ఆయన పెళ్ళిళ్ళకీ దర్గా ఉర్సులకీ మైకు సెట్లు, షామియానాలు అద్దెకిస్తాడు. సెలవు మీద ఊరెళ్ళిన రాజేశం, అంటే రఫీయుద్దీన్ క్యాంపులో మనిషే, వస్తూ వస్తూ దాన్ని పట్టుకొచ్చాడు. షహనాజ్ కవరు నా ముందే విప్పింది. మెమో తళతళలాడింది. ముందూ వెనకా మందపాటి ప్లాస్టిక్, మూలలు గుండ్రంగా కత్తిరించి ఉన్నాయి.

"మెమో వచ్చిన్నాడే మా అబ్బ బస్టాండ్ కాడికి ఉరికి లామినేషన్ చేయించిండు. గోడకు కొడ్తాంటె నేనే వద్దన్న" అంది. "ఇగ నీళ్ళల్ల పడ్డా ఏం గాదక్కా, చూడు!"

మర్నాడు అల్ దోహా అల్ జదీదాలో కామేశ్వరరావు గారి టైపింగ్ సెంటరుకు వెళ్ళాం. ఆయనది రాజమండ్రి. మనవాళ్ళ సర్టిఫికెట్లు ముద్రల కోసం హైదరాబాదు, ఢిల్లీ పంపి తెప్పించడం ఆయన పని. మెమోను అందుకుని వేలితో టకటకా కొట్టాడు.

"మనవాళ్ళు పెళ్ళాన్నీ పిల్లల్నీ తప్ప అన్నిటినీ లామినేషన్ చేయిస్తారండీ. ఈ నెలలో ఇది నాలుగోది. ముద్ర వేసేది కాగితం వెనకాలమ్మా. ప్లాస్టిక్ మీద ఎలా పడుతుంది?"

"కొత్తది తీసుకోరాదా సార్?"

"డూప్లికేటా? పోయిందని పోలీసులకు రాసివ్వాలి. లేదా పాడైందని మీవాళ్ళెవరైనా మీ కాలేజీకి వెళ్ళి అర్జీ పెట్టాలి. ఎలా పెట్టినా నాలుగు నెలలు. మీకెప్పటిలోగా కావాలి?"

"ఆగస్టు ముప్పై."

"ముద్రలకే నెల పైన పడుతుంది, పైగా రంజాను కూడా వచ్చేస్తోంది. వచ్చే ఆదివారంలోగా ప్లాస్టిక్ లేకుండా తెస్తే పంపిస్తాను. ఊడదీసేది మాత్రం నేను కాదు తల్లీ, ఆ పాపం నాకొద్దు."

టాక్సీలో ఆమె కవరు ఒళ్ళో పెట్టుకుని, దానిమీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది. నేనే అన్నాను.

"వెనకవైపు ఒక్కటే కదా ఊడాల్సింది. ఆ జిగురు వేడికి మెత్తబడుతుంది. నేను తీస్తాను."

"నీకు వస్తదా అక్కా?"

"వస్తుంది."

ఊరికే అనలేదు. మూడు రోజులు పరీక్షలు చేశాను. లామినేషన్ చేసిన పాత కాగితాల కోసం ఇద్దరం పెట్టెలన్నీ వెతికాం. మా ఆయన లైబ్రరీ కార్డు, రఫీయుద్దీన్ పాత గేటు పాసు, నా ఎమ్మెస్సీ హాల్‌టికెట్ దొరికాయి. ఇస్త్రీ పెట్టె తక్కువ వేడిలో ఉంచి, పైన నూలు గుడ్డ పరిచి, అర నిమిషం ఆనించి, మూల దగ్గర పల్చటి చాకు దూర్చి లాగితే మూడూ శుభ్రంగా ఊడివచ్చాయి. ఎంత వేడి, ఎంతసేపు అన్నది పాప నోటుబుక్కు వెనక పేజీలో రాసుకున్నాను. హాల్‌టికెట్ ఊడినప్పుడు షహనాజ్ చప్పట్లు కొట్టి, "అక్కా, దోహాల దుకాణం వెట్టుకో. మనోళ్ళు లైన్ కడ్తరు" అంది. ఆ వేసవంతా ఆమె అంత గట్టిగా నవ్వడం నేను విన్నది అప్పుడే.

శనివారం మధ్యాహ్నం పాప నిద్రపోయాక మెమోను బోర్లా తిప్పి బల్ల మీద పెట్టాను. షహనాజ్ బిస్మిల్లా అని పక్కన నిలబడింది. మొదటి మూల తేలిగ్గా లేచింది. నాలుగు వేళ్ళ వెడల్పు, తర్వాత అరచేయంత, ప్లాస్టిక్ చక్కగా వస్తోంది. సగం దాటాక చాకు ఆపాను.

మెమో వెనక, ఇచ్చిననాడు ప్రిన్సిపాల్ చేసిన సంతకం, దానిపైన కాలేజీ గుండ్రటి ముద్ర ఉన్నాయి. ముద్ర సిరా కాగితాన్ని వదిలి ప్లాస్టిక్‌తో పాటు లేచి వచ్చేసింది. నా చేతిలోని ప్లాస్టిక్ మీద అక్షరాలు అద్దంలోలా తిరగబడి ఉన్నాయి. కాగితం మీద ఊదారంగు మరక ఒకటి మిగిలింది. నేను పరీక్షించిన మూడింటిలో ఒక్కదాని మీద కూడా సిరా ముద్ర లేదు. పరీక్షించే నమూనా అసలు సరుకులాంటిదే అయి ఉండాలన్నది ల్యాబ్‌లో మొదటి రోజు నేర్పే సంగతి.

"షహనాజ్..." అన్నాను. నాకు ఏడుపొచ్చేసింది.

ఆమె వంగి మరక వంక చూసింది. వేలు దగ్గరగా తీసుకెళ్ళి, ముట్టుకోకుండానే వెనక్కి తీసుకుంది.

"ఊకో అక్కా. ఏడ్వకు. పోరి లేస్తది."

ఆదివారం కామేశ్వరరావు గారు మెమోను వెలుతురుకు పెట్టి చూశాడు. ఈసారి జోకు వేయలేదు. "ముద్ర చెరిపినట్టుందమ్మా ఇది. పంపితే దొంగ సర్టిఫికెట్ అంటారు, మీరు కేసులో ఇరుక్కుంటారు. దాచుకోండి. డూప్లికేటుకు పెట్టుకునేటప్పుడు ఇదే చూపించాలి" అన్నాడు.

ఆమె ఇక్కడి నర్సింగ్ కాలేజీకి వెళ్ళి గడువు అడిగింది. అక్కడి ఆఫీసులో ఆమె మాట ఓపిగ్గా విన్నారట. జాబితాలో ఇంకా ఎంతోమంది ఎదురుచూస్తున్నారు, తేదీ మార్చడం కుదరదన్నారట. సీటు వదులుకుంటున్నట్టు ఇప్పుడే రాసిస్తారా అని కాగితం ఇస్తే, రాయనని వచ్చేసింది.

తర్వాత రంజాను. సాయంత్రం మసీదు నుంచి బాంగు వినబడగానే గోడకు అటువైపు గ్లాసు చప్పుడు, కుర్చీ జరిగిన చప్పుడు. అంతే. ఇఫ్తారు మా గదిలో చేయమని రోజూ పిలిచేదాన్ని. రెండుసార్లు వచ్చింది. మూడోసారి, "వద్దక్కా, మీ ఇంట్ల తిని అటు పోతె నా గది ఇంకింత చిన్నగ కనవడ్తది" అంది. పండక్కి రఫీయుద్దీన్ వచ్చాడు. వచ్చినవాడు సగంసేపు నిద్రలోనే ఉన్నాడు. ఎండలో పన్నెండు గంటల డ్యూటీ మనిషిని ఏమంటుంది? "నసీబు, వచ్చేయేడు చూద్దాం తీ" అన్నాడట. ఆమె సరే అందట.

ఆగస్టు ముప్పై గురువారం. పొద్దున్నే తలస్నానం చేసి, ఇంటర్వ్యూకి వేసుకున్న లేత నీలం సల్వారు వేసుకుని బయల్దేరింది. ఎక్కడికని అడిగితే కాలేజీకి అంది. ఏదో కొత్త దారి దొరికిందనుకున్నాను. మూడుకు తిరిగొచ్చింది.

"ఏమన్నారు?"

"ఏమంటరు? నేను ఎవల్నీ ఏం అడగలే. వరండల బల్ల మీద కూసున్న."

"ఇంతసేపూనా? ఎందుకు?"

"రెండు గొట్టంగ ఆఫీసు బంద్ చేస్తరు. అప్పటిదాక అది నా సీటే గదక్కా. గందుకే కూసున్న."

పాపను భుజం మార్చుకున్నాను.

జనవరి నుంచే మళ్ళీ ఫారాలిస్తారు. అప్పటికి డూప్లికేటు మెమో చేతికి రావాలంటే ఇప్పుడే అర్జీ పెట్టాలి. పెట్టాల్సింది కోరుట్లలో, ఆమె తండ్రి. అంటే మెమో పాడైందని ఆయనకు చెప్పక తప్పదు. ఇన్నాళ్ళూ ముద్రలకు పోయిందని చెబుతూ వచ్చింది.

శుక్రవారం నమాజు అయ్యాక ఆయనకు తీరిక. నన్ను పక్కన కూర్చోమంది. "నేను పాడుచేశానని చెప్పు. పక్కింటామె తెలివి ఎక్కువై ఇస్త్రీ పెట్టె పెట్టిందని చెప్పు" అన్నాను.

"ఆమె ఎందుకు వెట్టింది అని అడుగుతడు. ప్లాస్టిక్ తియ్యనీకె అనాలె. ప్లాస్టిక్ ఎందుకు తీసిండ్రు అంటడు. దానికేం జెప్పాలె?" అంది. "తొమ్మిదేండ్లు బీరువల కురాన్ పక్కపొంటి వెట్టిండక్కా దాన్ని. ఎవలొచ్చినా తీసి చూపెట్టెటోడు."

ఫోను స్పీకరులో పెట్టింది. తండ్రీ కూతుళ్ళు దక్కనీలో మాట్లాడుకుంటారు. నాకొచ్చిన హిందీతో చాలావరకు అర్థమైంది.

"అబ్బా, మెమో ఖరాబ్ హోగయా. మేరే హాత్ సేఇచ్" అంది. తన చేతులతోనే పాడైందని, బట్టలు ఇస్త్రీ చేస్తూ మెమో కింద ఉందని చూసుకోలేదని, ప్లాస్టిక్ కరిగి ముద్ర చెడిపోయిందని, అందుకే సీటు పోయిందని చెప్పింది. వచ్చే ఏడు మళ్ళీ పెట్టుకోవచ్చు, పాడైనదాన్ని ఎవరి చేతికైనా ఇచ్చి పంపుతాను, నువ్వు మా ఇంటర్ కాలేజీకి వెళ్ళి కొత్తది అడుగు, వచ్చింది వచ్చినట్టే ఆలస్యం లేకుండా మనిషి చేతికిచ్చి పంపు అంది.

ఎప్పుడూ "బాగున్నావా, అల్లుడు బాగున్నాడా, సరే పెట్టెయ్" అని రెండు నిమిషాల్లో ముగించే మనిషి, మైకు సెట్ల మీద అరిచి అరిచి బండబారిన గొంతుతో తిట్టడం మొదలుపెట్టాడు. తొమ్మిదేళ్ళు వానకూ చెదకూ అందకుండా నేను కాపాడితే, దుబాయ్‌లో నీ దగ్గర రెండు నెలలు ఆగలేదా అన్నాడు, ఆయనకు దోహా కూడా దుబాయే. చిన్నప్పుడు పలక కూడా ఇలాగే పగలగొట్టావన్నాడు. మీ అమ్మ ఉంటే ఏమనేదో అన్నాడు. ప్రిన్సిపాల్ మారిపోయాడు, కొత్తాయన ఎవరో, సోమవారం పోయి కాళ్ళు పట్టుకుంటాను, నీకు బుద్ధి ఎప్పుడొస్తుంది అన్నాడు. మళ్ళీ పలక దగ్గరికి వచ్చాడు.

షహనాజ్ మంచం అంచున కూర్చుని, ఫోను రెండు చేతులతో పట్టుకుని వింది. ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా, "హౌ అబ్బా" అని ఊకొడుతోంది, ఇంకా చెప్పు అన్నట్టు.