అల్లం రంగు కప్ప

నాలుగేళ్ల నుంచి ఈ మాట చెబుతూనే ఉన్నాను. ఎవరూ పట్టించుకోలేదు. చేపలు పట్టే గట్టు మీద చెప్పాను, ఫోన్ గ్రూపులో రాశాను, ఒకసారి సార్ ఇంటి గేటు దగ్గర నిలబడి కూడా చెప్పాను. "ఇప్పుడు పూజల ఉన్న, తర్వాత మాట్లాడుదాం" అన్నారు గేటు తియ్యకుండానే. ఆ "తర్వాత" ఇంకా రాలేదు. నోటిమాటకు విలువ లేదని తేలింది కాబట్టి ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

నేను జహీరాబాద్‌లో హైవే పక్కన ఒక రేకుల షెడ్డులో బండ్లకు రంగులు వేస్తాను. సొట్టలు తీసేవాడు వేరు, రంగు కలిపేవాణ్ణి నేను. పాత ఎర్ర బండి తెచ్చి ఒక్క తలుపుకే రంగు వేయమంటే, డబ్బాలోని కొత్త ఎరుపు దానికి కలవదు. ఆ బండి ఎంత ఎండ తిన్నదో చూసి దానికి తగ్గట్టు కలపాలి. ఇరవై ఏళ్లుగా అదే పని. నేను రంగేసిన తలుపు ఏదో చూపించమంటే బండి ఓనరు కూడా తడుముకుంటాడు. గొప్ప కోసం చెప్పడం లేదు. నాకున్న ఆస్తి అదొక్కటే, దాని మీదే దెబ్బ కొట్టారు కాబట్టి చెబుతున్నాను.

ఆదివారం వస్తే మేము పది మందిమి గాలాలు పట్టుకుని రాయికోడ్ వైపు, మంజీర నీళ్లు నిలిచే చోటికి పోతాం. మాకు పెద్ద, రిటైరైన లెక్చరర్ ఒకాయన. అందరం సార్ అంటాం. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు లేవాలో ఆయనే చెబుతారు. మేము పట్టేది కొర్రమట్ట. అది వానపాముకూ పిండిముద్దకూ ఆశపడే చేప కాదు. నీటి మీద కప్ప కదిలితే కింది నుంచి ఎగిరి అందుకుంటుంది. అందుకని మెత్తటి ప్లాస్టిక్ కప్పలు కొని, గాలానికి గుచ్చి, నీటి మీద ఆడిస్తాం.

తొలి వానలకు మా ఎర్రమట్టి అంతా కరిగి నీళ్లలో దిగుతుంది. ఆ నెలన్నర ఎవరికీ ఏమీ పడదు. "చేప మేత మీద లేదు" అని సార్ తీర్పు చెప్పేవారు, అందరం తలూపేవాళ్లం. ఒక ఆదివారం నేను ఆ బజారు కప్పను నీళ్లలో జానెడు లోతుకు ముంచి చూశాను. ఆకుపచ్చది కాస్తా బొగ్గుముక్కలా కనిపించింది. చేప మేతకు రావడం లేదు సరే, దానికి మేత కనబడుతున్నదా అని ఎవరూ అడగలేదు.

ఆ నీళ్లు ఒక సీసాలో పట్టుకుని ఇంటికి వచ్చాను. గాజు గ్లాసులో పోసి కిటికీ దగ్గర పెట్టి చూస్తుంటే మా ఆవిడ వచ్చింది.

"ఇంట్ల నల్లా నీళ్లు లేవా? గీ బురద తెచ్చి గిలాసల పోసి మొక్కుతున్నవా ఏంది?"

"రంగు చూస్తున్న."

"నీళ్లకు రంగేంది? షెడ్డుల చూసింది సాల్తలేదా?"

కప్పలు చేసే ప్లాస్టిక్ ద్రవం డబ్బాలో దొరుకుతుంది. చల్లగా ఉన్నప్పుడు అచ్చం పాలలా తెల్లగా ఉంటుంది. కాచితే మొదట గడ్డ కడుతుంది, ఇంకా కాచితే కరిగి నూనెలా తేటపడుతుంది. అప్పుడు అచ్చులో పోయాలి. అచ్చు ప్లాస్టర్‌తో నేనే చేసుకున్నాను. మొదటి రోజు వంటింట్లో కాచాను. ఆ వాసనకు మా ఆవిడ గిన్నె తెచ్చి వాకిట్లో పెట్టింది. "ఇగ గిది నీదే. మళ్ల నా పొయ్యి మీదికొస్తే గిన్నె పక్కన నువ్వుంటవ్" అంది. ఆ రోజు నుంచి నా పొయ్యి మేడ మీద.

మొదటి వాయి కప్పలన్నీ చింతపండులా వచ్చాయి. తప్పు నాదే. తెల్లటి పాలలో రంగు వేస్తే లేతగా కనిపిస్తుంది, చాలలేదని ఇంకో నాలుగు చుక్కలు వేశాను. కాగి తేటపడేసరికి ఆ తెలుపు పోయి రంగు ఒక్కటే మిగిలింది. తడి రంగును నమ్మొద్దని షెడ్డులో అందరికీ చెప్పేవాణ్ణి, పాలను నమ్మాను. ఆ తర్వాత చుక్కలు లెక్కపెట్టి వేయడమే తప్ప పాలలో రంగు చూడడం మానేశాను. తేటపడ్డాక పుల్లతో కొంచెం తీసి, చల్లార్చి, ఆ ఎర్రనీళ్ల గ్లాసులో వేసి చూసేవాణ్ణి. గ్లాసు కింది నుంచి, ఆకాశం వైపు. చేప చూసేది అట్లాగే కదా.

ఆరు చుక్కల పసుపు, రెండు ఎరుపు, సూదిమొనకు అంటినంత నలుపు, మెరుపుకు చిటికెడు ముత్యప్పొడి. దీనికి నాకు రెండు నెలలు పట్టింది. బయట పెట్టి చూస్తే ఏమంత అందంగా ఉండదు. కడిగిన పచ్చి అల్లంలా ఉంటుంది. ఎర్రనీళ్లలో మాత్రం బతికున్న కప్ప పొట్టలా వెలుగుతుంది.

మరుసటి ఏడు తొలి వానలకు గట్టు మీద డబ్బీ తెరవగానే సార్ ఒకటి తీసి పైకెత్తి అందరికీ చూపించారు.

"ఏం పేంటర్, ఇది కప్పనా, అల్లం ముక్కనా? చాయ్ల దంచి వేసుకుందమా?"

అందరూ నవ్వారు. టైర్ల షాపు నడిపే నా దోస్తు ఎక్కువగా నవ్వాడు. అది కూడా గుర్తుంది. నేను గాలం వేశాను. పది గంటల లోపల రెండు పడ్డాయి. సార్ పచ్చ కప్ప పొద్దుటి నుంచి ఈత నేర్చుకుంటూ ఉంది.

"ఏదీ, జర గా అల్లం ముక్క ఇటియ్యి."

ఇచ్చాను. మూడోసారి విసరగానే మోచెయ్యంత కొర్రమట్ట పడింది. సాయంత్రానికి గ్రూపులో ఫోటో వచ్చింది. చేప, చేప నోట్లో నా కప్ప, పక్కన సార్ నవ్వు. కింద "ఎర్రనీళ్లకు మా ప్రయోగం ఫలించింది" అని రాశారు. మా అట. "సార్, ఆ రంగు నేను కలిపింది" అని రాశాను. చదివినట్టు నీలి గీతలు పడ్డాయి. నా మాట కింద ఎవరో చేతులు జోడించిన బొమ్మ పెడితే దానికి మాత్రం ధన్యవాదాలు చెప్పారు.

అంతటితో ఆగినా నేను మర్చిపోయేవాణ్ణి కాను గానీ ఊరుకునేవాణ్ణి. వారం తర్వాత సార్ కొలత అడిగారు, తానే చేసుకుంటానని. షెడ్డులో బండ్లు రుద్దే ఎమ్రీ కాగితం వెనక రాసి ఇచ్చాను, ఒక్క చుక్క దాచకుండా. పాలలో చూసి రంగు పెంచొద్దని రెండుసార్లు చెప్పాను. రెండుసార్లూ ఆయన ఫోన్ చూసుకుంటూ "ఊఁ, ఊఁ" అన్నారు. ఆ మాట కాగితం మీద రాయలేదు, నిజమే. చుక్కలు లెక్కపెట్టి రాసి ఇచ్చాక ఇంకేం రాయాలి?

ఆ ఆదివారం సార్ సంచిలోంచి తీసిన కప్పలు చింతపండు ముద్దల్లా ఉన్నాయి. చూడగానే నాకు సంగతి తెలిసింది. నేను నోరు తెరిచే లోపల ఆయనే అందుకున్నారు.

"చూసిన్రా, తప్పు కొలత ఇచ్చిండు. రంగు దాసుకున్నడు. ఉప్పూ కారం సరిగ చెప్పని వంటమనిషి ఉంటడు సూడు, గట్ల."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ నొప్పి. నమ్మారు. బుధవారానికల్లా మాట షెడ్డుకు చేరింది. మా షెడ్డు ఓనరు రంగు డబ్బా మూత తీస్తూ, "నాకైనా అసలు కొలత చెప్తవా, దాస్తవా?" అన్నాడు. తమాషాకే అన్నాడు. తమాషాకు కూడా అంతకు ముందు ఎవరూ అనలేదు.

తర్వాతి ఆదివారం పొయ్యి, గిన్నె, అచ్చు, ద్రవం డబ్బా అన్నీ బండి మీద కట్టుకుని గట్టుకు పోయాను. రంగు సీసాలు, నేను రాసిచ్చిన కాగితం మాత్రం సార్‌నే తెమ్మని ముందు రోజు గ్రూపులో అడిగాను. కాదనలేక సంచిలోంచి తీసిచ్చారు. ఆ ఎమ్రీ కాగితం టైర్ల దోస్తు చేతిలో పెట్టి, పైకి చదవమన్నాను. అతను చదువుతుంటే నేను చుక్కలు వేశాను. పాలు లేత కోడిగుడ్డు పెంకు రంగుకు వచ్చి ఆగాయి.

"సాల్తదా అన్నా గిది? తెల్లగనే ఉన్నది" అన్నాడు దోస్తు.

"కాగితంల ఇంకేమన్న ఉన్నదా?"

"లేదు."

"మరి నోర్మూసుకుని సూడు."

కాచాను. తేటపడింది. అచ్చులో పోసి, చల్లార్చి, అక్కడి నీళ్లే గ్లాసులో ముంచి, కప్పను వేసి అందరి చేతికీ ఇచ్చాను. కింది నుంచి చూడమన్నాను. ఒక్కొక్కరే ఎత్తి చూశారు. దోస్తు గ్లాసు దించి సార్ వైపు తిరిగాడు. "సార్, పాలల్ల తెల్లగున్నదని మీరు పెంచిన్రా ఏంది?" అన్నాడు మెల్లగా.

సార్ గ్లాసు ముట్టుకోలేదు. వాచీ చూసుకున్నారు. "టైం అయితున్నది, ఎవరి జాగల వాళ్లు కూసోండి" అన్నారు. అందరూ కూర్చున్నారు. దోస్తు కూడా కూర్చున్నాడు. నేను పొయ్యి దగ్గర ఒక్కణ్ణే నిలబడ్డాను.

ఇది జరిగి నాలుగేళ్లు. అందరూ ఇప్పుడు నా కప్పలే వాడుతున్నారు, సార్‌తో సహా. "పోనియ్యరాదు, పెద్ద మనిషి" అంటుంది మా ఆవిడ. పెద్ద మనిషే. అందుకే ఆయన అన్న మాట నేను తుడిస్తే పోదు. కొలత దాచాడన్న మాట నా మీద వేసింది ఆయన, తియ్యాల్సిందీ ఆయనే.

సార్, ఇది మీకు చేరుతుందని నాకు తెలుసు. మెచ్చుకోమని అడగడం లేదు, ఆ ఫోటో కూడా మీరే ఉంచుకోండి. ఆ కాగితం మీద పసుపు ఆరు చుక్కలని ఉంది. మీరు ఎన్ని వేశారు? వచ్చే ఆదివారం అందరికంటే ముందే వచ్చి మీరు కూర్చునే రాయి దగ్గర నిలబడతాను. అదే పది మంది ముందు ఆ అంకె చెప్పండి. చెప్పేదాకా నేను గాలం వేయను, మిమ్మల్నీ వేయనివ్వను.