ఆఖరి ఓడ తప్పినవాళ్ళ దొరగారు

దొరగారు పోయారు. పోయిన ఆదివారం పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూర్చున్నవారు కూర్చున్నట్టే వెళ్ళిపోయారట. కబురు విని ఏడ్చాను. కానీ ఆయన గురించి రాయబోతే ఏడుపు రావడం లేదు, హుషారు తన్నుకొస్తోంది. అబ్బ, ఏం మనిషండీ!

సియాటిల్ దగ్గర సముద్రంలో ఓ బుల్లి ద్వీపం. అక్కడ ఓ కిరాణా కొట్టు, ఓ పెట్రోల్ బంకు, ఒకే ఒక్క డాక్టరు. ఆ డాక్టరే ఈయన. గోదావరి జిల్లాలో ఓ జమీందారుగారి మనవడు. మాకు దొరగారు, మా పిల్లలకి దొర అంకుల్.

పరిచయం మా తప్పువల్లే అయింది. ఓసారి ఆ ద్వీపం చూడ్డానికి వెళ్ళి, తిరుగు ప్రయాణమయ్యాం. కార్లని కూడా ఎక్కించుకునే ఆఖరి ఓడ ఆరున్నరకి ఉంటే, గంట ముందే కారు లైన్లో పెట్టాలి. మనం పెడతామా? ఆరూ ఇరవైకి తాపీగా రేవుకి వెళ్ళాం. ఓడ నిండిపోయి, మా మొహమ్మీదే గేటు వేసేశారు. ఊళ్ళో హోటల్ లేదు, పిల్లలు ఆకలికి గోల. అప్పుడొచ్చారాయన, ఇస్త్రీ మడత నలగని పంచె, కాళ్ళకి గంబూట్లు, చేతిలో గొడుగు.

"రండమ్మా, భోజనానికి."

"మేం తెలుగువాళ్ళమని ఎలా తెలిసిందండీ?"

"పది నిమిషాల ముందు తీరిగ్గా వచ్చేది ఇంకెవరమ్మా?"

రోజూ ఆఖరి ఓడ కదిలాక, రేవులో ఎవరైనా మిగిలారేమో చూసుకునిగానీ ఆయన అన్నం ముట్టేవారు కాదు. అది వాళ్ళ తాతగారింటి ఆచారం. "జమీందారీ రద్దయింది గానీ వడ్డన రద్దు కాలేదు" అనేవారు. తెల్లవాళ్ళకైనా మనకైనా అదే ముద్దపప్పు, అదే ఆవకాయ. ఎవరైనా లేచి గరిటె అందుకుంటే మాత్రం మండిపడేవారు. "ఏమిటి, అన్నానికి కూడా లైనా? కూర్చో!" మహా మొండి.

ఆయనకి పిల్లల్లేరు. పోయిన వేసవిలో ఒకటే బెంగ. "ఇల్లయితే ఎవరో ఒకరు కొనుక్కుంటారు. ఈ పని ఎవరు పెట్టుకుంటారమ్మా?" అన్నారు.

సంతాప సభకి వెళ్ళాం. మాటల్లో పడి, సిగ్గులేకుండా మళ్ళీ ఓడ తప్పాం! ఆయన ఇంటికి అప్పటికే తాళం పడింది. రేవులో నిలబడితే, ఇంక ఇక్కడ మనకెవరున్నారు అనిపించింది.

ఓ పికప్ వచ్చి ఆగింది. దొరగారి పక్కింటాయన, చేపలు పట్టే తెల్లాయన. "డిన్నర్ రెడీ, ఎక్కండి" అని ఇంగ్లీషులో అన్నాడు. వాళ్ళింట్లో అన్నం మెత్తబడింది, పప్పు గట్టిపడింది. ఆవకాయ మాత్రం దొరగారి జాడీలోదే. మొహమాటపడి నేను గరిటె అందుకోబోయాను.

"నో, నో, మేడమ్! సిట్!" అని కసిరాడు.

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. మారు అడిగి మరీ తిన్నాను. మా చిన్నది ఆఖరి ముద్ద మింగేదాకా ఆ ఆరడుగుల మనిషి గరిటె పట్టుకుని మా వెనకాల నిలబడే ఉన్నాడు. అతని పళ్ళెం ఇంకా వంటింటి గట్టుమీద బోర్లించే ఉంది.